ఊక బూడిద, నది ఇసుక, ఒకే సిలికా: సున్నం మాలు ప్రాజెక్టు డైరీ

జనవరి, సంక్రాంతి తరువాత

గోదావరి ఇసుకలో ప్రధాన భాగం క్వార్ట్జ్, అంటే సిలికా. వరి ఊకను కాల్చగా మిగిలే బూడిదలోనూ 85 నుంచి 95 శాతం దాకా సిలికాయే ఉంటుంది. రసాయన సూత్రం రాయమంటే రెండింటికీ ఒకటే రాయాలి: ఒక సిలికాన్ పరమాణువుకు రెండు ఆక్సిజన్ పరమాణువులు. అయినా తడి సున్నంలో ఇసుక కలిపితే అది ఏళ్ళ తరబడి ఇసుకగానే ఉండిపోతుంది. సరిగ్గా కాల్చిన ఊక బూడిదను కలిపితే అది కొన్ని వారాల్లోనే సున్నంతో చర్య జరిపి, నీటిలో నానినా చెదరని గట్టి పదార్థంగా మారుతుంది. సూత్రం ఒకటే అయినప్పుడు గుణం ఇంతగా ఎందుకు మారుతున్నదో స్వయంగా చేసి చూసి తెలుసుకోవడం ఈ ప్రాజెక్టు ఉద్దేశం.

దీనికి ఇంటి అవసరం కూడా తోడైంది. కోనసీమలోని మా పాత మండువా ఇంటి గోడలు సున్నంతో కట్టినవి. పడమటి గోడ కింది భాగంలో పూత రాలిపోతోంది. అక్కడ లోగడ వేసిన సిమెంటు పూత గోడలోని చెమ్మను బయటికి పోనీయక, తాను ఊడివస్తూ వెనక ఉన్న పాత సున్నాన్ని కూడా పట్టుకొస్తోంది. కాబట్టి సున్నం మాలుతోనే మరమ్మతు చేయాలి. కానీ వానాకాలమంతా తడిగా ఉండే ఆ భాగంలో ఉత్త సున్నం నిలవదు. ఉత్త సున్నం గట్టిపడాలంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ దానికి అందాలి, నీటితో నిండిన గోడలో ఆ పని ఎంతో నెమ్మదిగా సాగుతుంది. తడిలోనూ గట్టిపడే గుణం రావాలంటే సున్నంతో చర్య జరిపే సిలికా కావాలి. పూర్వం అందుకోసం ఇటుక పొడిని, అంటే సుర్ఖీని, గానుగలో సున్నంతో కలిపి నూరేవారు. మా ప్రాంతంలో ఇప్పుడు దానికంటే తేలికగా దొరికేది ఊక. 100 కిలోల ధాన్యం మరపడితే సుమారు 20 కిలోల ఊక వస్తుంది, ఆ ఊక కాలితే సుమారు 4 కిలోల బూడిద మిగులుతుంది.

పాత సున్నం పని తెలిసిన తాపీ మేస్త్రి ఒకరు నాకు తోడుగా ఉన్నారు. ఊక బూడిద సంగతి చెప్పగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇది: “ఏ బూడిదండీ? మిల్లు బాయిలర్లోదా, ఇటుక బట్టీలోదా? రెండూ ఒకటి కాదండీ బాబుగారూ. బట్టీ బూడిద తెల్లగా ముద్దుగా ఉంటది గానీ, సున్నంలో కలిపితే ఇసక కలిపినట్టే ఉంటదండీ.” ఆయన అనుభవంతో తేల్చుకున్న ఈ తేడాకు కారణం బూడిద లోపలి అమరికలో దొరుకుతుందన్నది నా అంచనా. చేయబోయే పరీక్షలన్నీ ఆ అంచనాను నిలబెట్టడానికో, పడగొట్టడానికో ఉద్దేశించినవి.

పరీక్షలకు ముందు రాసుకున్న వివరణ

క్వార్ట్జ్‌లో ప్రతి సిలికాన్ పరమాణువు చుట్టూ నాలుగు ఆక్సిజన్ పరమాణువులు చతుర్ముఖి ఆకారంలో ఉంటాయి. ప్రతి ఆక్సిజన్ రెండు చతుర్ముఖులను కలిపే వంతెన. ఈ అల్లిక మూడు దిశల్లోనూ ఒకే క్రమంలో సాగిపోతుంది, లోపల ఎక్కడా తెగిన కొస ఉండదు. ఊక బూడిదలోని సిలికాలోనూ ఇవే చతుర్ముఖులు ఉంటాయి. సిలికాన్‌కూ ఆక్సిజన్‌కూ మధ్య దూరం కూడా రెండింటిలో దాదాపు ఒకటే, సుమారు 1.6 ఆంగ్‌స్ట్రాములు. తేడా ఆ తరువాత మొదలవుతుంది. ఒక చతుర్ముఖి పక్కదానితో ఏ కోణంలో కలవాలన్న నియమం అక్కడ లేదు. చాలా చోట్ల వంతెన పూర్తి కాకుండా, ఆక్సిజన్ ఒక వైపు హైడ్రోజన్‌తో ఆగిపోయి ఉంటుంది. ఇలా దూరపు క్రమం లేని ఘనపదార్థాన్ని అస్ఫటికం అంటారు.

సున్నపు తేటలో ఉండే హైడ్రాక్సైడ్ అయాన్లు సిలికాన్, ఆక్సిజన్ వంతెనలను తెంచాలి. అతుకు కనపడకుండా పేర్చిన రాతి కట్టడంలో గడ్డపార దూర్చడానికి చోటు వెతుక్కోవాలి; అవే రాళ్ళను గుట్టగా పోస్తే ప్రతి సందూ చోటే. క్వార్ట్జ్‌కూ అస్ఫటిక సిలికాకూ మధ్య ఉన్న ఈ తేడా మామూలు నీటిలో కూడా కనిపిస్తుంది. 25 డిగ్రీల వద్ద లీటరు నీటిలో క్వార్ట్జ్ సుమారు 10 మిల్లీగ్రాములు మాత్రమే కరిగితే, అస్ఫటిక సిలికా 100 మిల్లీగ్రాములు దాటి కరుగుతుంది. సాంద్రతలోనూ తేడా ఉంది: క్వార్ట్జ్‌ది 2.65, అస్ఫటిక సిలికాది సుమారు 2.2. అంటే ఒకే బరువున్న పదార్థంలో రెండోది ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, దాని అల్లికలో ఖాళీలు ఎక్కువ.

వరి మొక్క గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. నేలలోని నీటిలో కరిగి ఉన్న సిలిసిక్ ఆమ్లాన్ని వేళ్ళు పీల్చుకుంటాయి. అది ఆకులకూ గింజ పై పొట్టుకూ చేరాక నీరు ఆవిరై, సిలికా అక్కడే గట్టిపడుతుంది. కొలిమి లేదు, కరిగించడం లేదు, మామూలు ఉష్ణోగ్రతలోనే ఇదంతా జరుగుతుంది కాబట్టి పరమాణువులు క్రమంగా కుదురుకునే అవకాశం ఉండదు. ఊకలో ఉన్న సిలికా పుట్టుకతోనే అస్ఫటికం. కనుక మనం చేయవలసింది ఆ సిలికా చుట్టూ ఉన్న సెల్యులోజునూ లిగ్నిన్‌నూ కాల్చి తీసేయడం, ఆ క్రమంలో సిలికా చెడిపోకుండా చూసుకోవడం. నాకు ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించిన విషయం ఇదే: మనం బట్టీల్లో కష్టపడి సాధించవలసిన అమరికను మొక్క ఊరికే ఇస్తోంది, మనం వేడి ఎక్కువ చేసి దాన్ని పోగొట్టుకుంటున్నాం.

ఫిబ్రవరి: కాల్చడం

సార్వా ధాన్యం ఊకను మిల్లు నుంచి గోనెల్లో తెచ్చి రెండు ఎండలు ఎండబెట్టాము. 200 లీటర్ల ఇనుప డ్రమ్ముకు చుట్టూ రంధ్రాలు చేయించి, నడుమ ఇనుప జాలీతో చేసిన గొట్టం నిలబెట్టాము. గొట్టం చుట్టూ ఊక నింపి, గొట్టం అడుగున కొబ్బరి డొక్కలతో నిప్పు పెడితే మంట లేకుండా లోపలి నుంచి బయటికి నెమ్మదిగా రాజుకుంటూ వస్తుంది. ఉష్ణోగ్రత చూడటానికి కె రకం థర్మోకపుల్ తీగలను రెండు చోట్ల దింపాము.

ఊక బూడిదతో సిమెంటు చేసే పని మీద 1970లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పి. కె. మెహతా విస్తృతంగా పరిశోధించారు. ఆ కాలం నుంచి అందరూ పాటిస్తున్న సూచన 500 నుంచి 700 డిగ్రీల మధ్య కాల్చమనే. అంతకంటే తక్కువైతే బొగ్గు మిగులుతుంది, ఎక్కువ సేపు ఎక్కువ వేడిలో ఉంటే సిలికా స్ఫటికంగా మారడం మొదలవుతుంది. మా డ్రమ్ములో మధ్య తీగ 650 డిగ్రీల దగ్గర తచ్చాడింది, అంచు తీగ అంతకు బాగా తక్కువే చూపింది. నిజమైన చిక్కు మంట ఆరాక వస్తుందని త్వరలోనే తెలిసింది. నల్లని బూడిదను కుప్పగా వదిలేస్తే అందులో మిగిలిన బొగ్గు లోలోపల కాలుతూ కుప్ప నడుమ వేడిని మళ్ళీ పెంచుతుంది. అందువల్ల ఊక ఎరుపు తగ్గగానే బూడిదను రేకు మీద పలచగా పరచి చల్లార్చడం అలవాటు చేసుకున్నాము.

ఈ బూడిద లేత బూడిద రంగులో, అక్కడక్కడ నల్లని చుక్కలతో వచ్చింది. దానిలో సగాన్ని సిరామిక్ పని చేసే ఒక మిత్రుడి విద్యుత్ కొలిమిలో 1050 డిగ్రీల వద్ద కొన్ని గంటలు ఉంచి తెచ్చాను. అది తెల్లబడి, లేత గులాబీ ఛాయ తిరిగింది. అప్పటిదాకా వేళ్ళ మధ్య పిండిలా నలిగిన బూడిద ఇప్పుడు గరగరలాడుతూ, చిన్న చిన్న గడ్డలు కట్టి ఉంది, పరిమాణం కూడా తగ్గింది. ఈ జంట నాకు ముఖ్యం. ఒకే పొలం, ఒకే ఊక, ఒకే బూడిద; బయటి నుంచి ఏమీ కలపలేదు, మిగిలి ఉన్న కాస్త బొగ్గు తప్ప ఏమీ తీయలేదు. మారినదల్లా లోపలి అమరిక, దానితో పాటు కణాల రూపం.

వీటికి తోడు మిల్లు బాయిలర్ నుంచి తెచ్చిన నల్లని బూడిద, ఊకతో ఇటుకలు కాల్చిన బట్టీ నుంచి తెచ్చిన తెల్లని బూడిద, కడిగి ఎండబెట్టిన నది ఇసుక నమూనాలుగా ఉన్నాయి. అన్నింటినీ నూరి 75 మైక్రాన్ల జల్లెడ పట్టాను. ఇసుకను ఆ మెత్తదనానికి తేవడం అన్నిటికంటే కష్టమైన పని.

బూడిద నూరేటప్పుడు, జల్లించేటప్పుడు ముక్కుకు తువ్వాలు చుట్టుకుంటే చాలదు. సన్నని ధూళిని ఆపే మాస్కు తప్పనిసరిగా వేసుకోవాలి, వీలైతే తడిపి నూరాలి. క్వార్ట్జ్ ధూళి, ఎక్కువ వేడిలో ఏర్పడే క్రిస్టోబలైట్ అనే మరో స్ఫటిక సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ అనే జబ్బు తెస్తాయి. పీల్చే స్ఫటిక సిలికాను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. అస్ఫటిక సిలికాను ఆ వర్గంలో చేర్చలేదు. అమరిక తేడా శరీరం దగ్గర కూడా తేడాయే. రాళ్ళు కొట్టే చోట, పలకలు చేసే చోట పనిచేసే మనవాళ్ళెందరో దీనివల్ల నష్టపోయారు కాబట్టి ఈ జాగ్రత్తను ఇక్కడే రాస్తున్నాను.

ఫిబ్రవరి చివర: నిమ్మ ఉప్పు, భూతద్దం

బూడిదలో మిగిలిన నల్ల చుక్కలు ఎంత సేపు కాల్చినా పోవడం లేదు. దీనికి కారణం పొటాషియం. ఊకలో కొద్దిపాటి పొటాషియం ఉంటుంది. వేడిలో అది సిలికాతో కలిసి, ఆ చోట సిలికాను తక్కువ ఉష్ణోగ్రతకే మెత్తబరుస్తుంది. మెత్తబడిన పొర బొగ్గు రేణువును కప్పేస్తే దానికి ఆక్సిజన్ అందదు, అది అలాగే చిక్కుకుపోతుంది. పొటాషియం ముందే తీసేస్తే ఏమవుతుందో చూడాలని కొంత ఊకను 5 శాతం నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) ద్రావణంలో వేడిగా నానబెట్టి, మంచినీటితో చాలాసార్లు కడిగి, ఎండబెట్టి, అదే డ్రమ్ములో చిన్న జాలీ బుట్టలో ఉంచి కాల్చాను.

రెండు బూడిదలనూ నల్ల కాగితం మీద పక్కపక్కన ఉంచి భూతద్దంతో చూశాను. కడగని ఊక నుంచి వచ్చిన రేణువుల అంచులు గుండ్రబడి, కొన్ని చోట్ల చిన్న గాజు బిందువులా మెరుస్తున్నాయి, ఆ మెరుపు లోపల నలుపు బందీగా ఉంది. కడిగిన ఊక బూడిద పూర్తిగా తెల్లగా ఉంది. అంతకంటే ముఖ్యంగా, ఊక ఆకారం చెడకుండా నిలిచింది: గింజను పట్టుకుని ఉండే ఆ పడవ వంపు, పైన వరుసలు కట్టిన బొడిపెలు, ఆ వరుసల మధ్య గాడులు, అన్నీ సిలికాలో అచ్చు పోసినట్టు ఉన్నాయి. సూది మొనతో తాకితే పొడి అయిపోయింది. సెల్యులోజు ఉన్న చోటల్లా ఇప్పుడు ఖాళీ. ఆ ఖాళీలే ఈ బూడిదకు గ్రాముకు పదుల చదరపు మీటర్ల ఉపరితలాన్ని ఇస్తాయి. అంతే మెత్తగా నూరిన ఇసుకకు అందులో చిన్న భాగం కూడా ఉండదు.

తెలుపు రెండు రకాలుగా రావచ్చునన్న సంగతి ఇక్కడ స్థిరపడింది. పొటాషియం కడిగేసి తక్కువ వేడిలో కాల్చితే వచ్చే తెలుపు వేరు, బట్టీలో అధిక వేడికి బొగ్గంతా పోయి వచ్చే తెలుపు వేరు. మేస్త్రి గారు తెలుపును చూసి మోసపోవద్దని హెచ్చరించినది రెండో దాని గురించి.

మార్చి: కాస్టిక్ సోడా పరీక్ష

అస్ఫటిక సిలికా వేడి క్షారంలో కరిగి సోడియం సిలికేట్ అవుతుంది. క్వార్ట్జ్ ఆ పరిస్థితుల్లో దాదాపు కదలదు. 10 గ్రాముల పొడికి 4 శాతం కాస్టిక్ సోడా ద్రావణం 60 మిల్లీలీటర్లు కలిపి, మూత పెట్టిన స్టీలు గిన్నెలో గంటసేపు సన్నగా మరిగించాను. ఈ పనికి అల్యూమినియం గిన్నె వాడకూడదు, క్షారం దాన్ని తినేస్తూ హైడ్రోజన్ వాయువును విడుదల చేస్తుంది. కళ్ళద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఈ పరీక్షకు దిగనూ కూడదు.

మా బూడిద ద్రావణాన్ని వడకడితే వడపోత కాగితం మీద నల్లని బొగ్గు పొడి మిగిలి, కిందికి నీళ్ళలా తేటగా ద్రావణం దిగింది. అందులోకి విలీన హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని చుక్కలు చుక్కలుగా వేస్తూ కలిపాను. మొదట ఏ మార్పూ లేదు. పీహెచ్ కాగితం రంగు 10 దాటి కిందికి జరుగుతున్నప్పుడు ద్రావణంలోకి సన్నని నీలి ఛాయ వచ్చింది, కలిపే పుల్లకు బరువు తగిలింది. మరి కొన్ని చుక్కలకు పుల్ల గీసిన గీత పూడుకోకుండా నిలిచిపోయింది. గ్లాసును పక్కకు వంచితే ద్రవం పారలేదు, మొత్తం ఒక జెల్లీ ముద్దగా ఒరిగింది. ఊక పొట్టులో ఉన్న సిలికా తేట ద్రావణంగా మారి, మళ్ళీ ఘనరూపంలో చేతికి వచ్చింది. మార్కెట్లో తేమను పీల్చడానికి పొట్లాల్లో పెట్టే సిలికా జెల్ తయారీకి మూల ప్రక్రియ ఇదే.

ఇసుక ద్రావణంలో ఆమ్లం వేస్తే ఏ మార్పూ లేదు. 1050 డిగ్రీలకు పోయి వచ్చిన బూడిద నుంచి పలచని మసక, అడుగున కొద్దిపాటి తుంపులు మాత్రం వచ్చాయి, జెల్లీ కట్టలేదు. అదే బూడిద మొదటి సగం గ్లాసు నిండా జెల్లీ ఇచ్చిందని గుర్తుంచుకుంటే, పదార్థం అదే అయి ఉండగా అమరిక ఎంతటి తేడా తెస్తుందో ఈ రెండు గ్లాసులు పక్కపక్కన చూపించాయి.

ఉగాది తరువాత: సున్నపు తేట

గోడకు కావలసింది కాస్టిక్ సోడాతో చర్య కాదు, సున్నంతో చర్య. దాన్ని తేలికగా కొలిచే పద్ధతిని 1989లో లుక్సాన్, సహ పరిశోధకుల బృందం ప్రతిపాదించింది. ఈ పద్ధతిలో 40 డిగ్రీల వద్ద ఉంచిన 200 మిల్లీలీటర్ల సంతృప్త సున్నపు తేటలో 5 గ్రాముల పొడి వేసి, 2 నిమిషాల్లో విద్యుత్ వాహకత ఎంత తగ్గిందో చూస్తారు. కాల్షియం, హైడ్రాక్సైడ్ అయాన్లను పొడి లాక్కుంటే వాహకత పడిపోతుంది. తగ్గుదల సెంటీమీటరుకు 1.2 మిల్లీసీమెన్స్ దాటితే మంచి చర్య ఉన్నట్టు, 0.4 కంటే తక్కువైతే లేనట్టు.

ఊక బూడిదకు ఈ పద్ధతిని నేరుగా వాడితే తప్పుడు ఫలితం వస్తుంది. బూడిదలోని పొటాషియం లవణాలు నీటిలో కరిగి వాహకతను పెంచుతాయి, సిలికా తగ్గించే వాహకతను అవి కప్పిపుచ్చుతాయి. అందుకని అన్ని బూడిదలనూ ముందు వేడినీటితో కడిగి ఆరబెట్టాను. ప్రతి నమూనాకూ మామూలు నీటిలో ఒక జోడు సీసా కూడా పెట్టి, అక్కడ పెరిగినంత ఇక్కడ సవరించాను. సున్నపు తేట గాలి తగిలితే తానే కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని పైన తెట్టు కడుతుంది, వాహకత దానివల్లా తగ్గుతుంది. కాబట్టి ఏమీ కలపని సున్నపు తేట సీసా ఒకటి మూత బిగించి సాక్షిగా ఉంచాను.

తక్కువ వేడిలో కాల్చిన మా బూడిద రెండూ 1.2 గీతను సులభంగా దాటాయి, నిమ్మ ఉప్పుతో కడిగినది ముందుంది. మర్నాటికి వాటి సీసాల్లో వాహకత మొదటి దానిలో సగానికి దిగువన ఉంది. మిల్లు బాయిలర్ బూడిద నడుమన ఆగింది. బాయిలర్లో ఊక కొన్ని చోట్ల ఎక్కువగా, కొన్ని చోట్ల తక్కువగా కాలుతుంది కనుక ఇది సహజమే. ఒకే గోనెలో వేర్వేరు వేడి చరిత్రలున్న రేణువులు కలిసి ఉంటాయి. బట్టీ బూడిద, మళ్ళీ కాల్చిన బూడిద 0.4 గీత కిందే ఉండిపోయాయి. ఇసుక పొడికీ సాక్షి సీసాకూ చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఏప్రిల్: మెత్తదనమా, అమరికా?

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరానికి సమాధానం చెప్పాలి. అధిక వేడిలో బూడిద స్ఫటికంగా మారడమే కాదు, రంధ్రాలు పూడిపోయి ఉపరితలం కూడా తగ్గుతుంది. అయితే చర్య తగ్గడానికి కారణం అమరిక మారడమా, ఉపరితలం తగ్గడమా? పై పరీక్షలు రెండింటినీ విడదీయలేవు.

విడదీయడానికి నాకు తోచిన మార్గం గాజు. కిటికీ గాజు అస్ఫటికమే, అయితే దానిలో రంధ్రాలు లేవు. దాన్ని నూరి, క్వార్ట్జ్ పొడి పట్టిన జల్లెడలోనే పడితే రెండింటి ఉపరితలమూ దాదాపు సమానంగా ఉంటుంది. గాజులో సిలికా సుమారు 72 శాతమే, మిగిలినది సోడా, సున్నం మొదలైనవి, కనుక ఇది పూర్తిగా సమానమైన పోలిక కాదు. సోడా బయటికి వచ్చి వాహకతను గందరగోళపరుస్తుంది కాబట్టి మీటరుతో తేల్చలేదు. సున్నంతో కలిపి బిళ్ళలు చేసి, గట్టిదనం చూశాను. తడి గోనె కింద ఉంచిన గాజు బిళ్ళలు నెమ్మదిగానే అయినా గట్టిపడ్డాయి. క్వార్ట్జ్ పొడి బిళ్ళలు గోటితో గీస్తే రాలాయి. రంధ్రాలు లేకపోయినా క్రమం లేని అల్లిక చర్య జరిపింది, అంతే మెత్తగా ఉన్నా క్రమమైన అల్లిక చర్య జరపలేదు. అంటే చర్య జరుగుతుందా లేదా అన్నది ప్రధానంగా అమరిక తేలుస్తోంది, ఎంత త్వరగా జరుగుతుందన్నది ఉపరితలం తేలుస్తోంది. నా ఊక బూడిదకు ఈ రెండూ కలిసి వచ్చాయి.

దగ్గరలోని ఒక కళాశాల ప్రయోగశాలలో ఎక్స్-కిరణాల వివర్తనం చేసి ఇచ్చారు. పరమాణువులు క్రమంగా ఉంటే ఈ పరీక్షలో పదునైన శిఖరాలు వస్తాయి, క్రమం లేకపోతే వెడల్పాటి మూపురమే వస్తుంది. రాగి లక్ష్యం నుంచి వచ్చే కిరణాలతో ఇసుక పొడికి 26.6 డిగ్రీల వద్ద క్వార్ట్జ్ శిఖరం నిటారుగా నిలిచింది. మా బూడిదకు పదునైన శిఖరం ఏదీ లేదు, 22 డిగ్రీల చుట్టూ వెడల్పాటి మూపురం మాత్రం ఉంది. మళ్ళీ కాల్చిన దానికి ఆ మూపురం ఉన్న చోటనే, 22 డిగ్రీల దగ్గర, క్రిస్టోబలైట్ శిఖరం పదునుగా లేచింది. మామూలు ఉష్ణోగ్రతలో స్థిరమైన రూపం క్వార్ట్జే అయినా, పొటాషియం సాయంతో పరమాణువులు కదిలినప్పుడు అవి ముందుగా చేరేది క్రిస్టోబలైట్‌కే, ఎందుకంటే అస్ఫటిక సిలికా అల్లికకు దాని అల్లిక దగ్గరిది. మూపురం ఉన్న చోటే శిఖరం లేవడం ఆ దగ్గరితనానికి సంకేతం.

ఇదే దృష్టితో సుర్ఖీని చూస్తే పాతవాళ్ళ పద్ధతి అర్థమవుతుంది. బంకమట్టిలోని కెయోలినైట్ అనే ఖనిజం 500, 600 డిగ్రీల ప్రాంతంలో తన హైడ్రాక్సిల్ సమూహాలను నీటిగా కోల్పోయి, పొరల అమరిక చెదిరి, చర్యాశీలమైన పదార్థంగా మారుతుంది. 950 డిగ్రీలు దాటితే మళ్ళీ కొత్త స్ఫటికాలు కుదురుకుని ఆ గుణం పోతుంది. లేతగా కాలిన ఇటుక పొడే సున్నానికి మంచిదని మేస్త్రి గారు చెప్పడానికి ఇది ఆధారం.

ఈ గుణం ఎప్పుడూ మేలే చేస్తుందని అనుకోకూడదు. కాంక్రీటులో వాడిన కంకరలో ఓపల్ వంటి క్రమం తక్కువ ఉన్న సిలికా ఉంటే, సిమెంటులోని క్షారంతో అది చర్య జరిపి, నీటిని పీల్చి ఉబ్బే జెల్ తయారై, కట్టడాన్ని లోపలి నుంచి పగలగొడుతుంది. దీన్ని 1940లో కాలిఫోర్నియాలో థామస్ స్టాంటన్ గుర్తించారు. మెత్తని పొడిగా, సున్నం పుష్కలంగా ఉన్న చోట అంతటా సమంగా జరిగితే బలాన్నిచ్చే చర్య, పెద్ద రాయి అంచున ఆలస్యంగా జరిగితే పగులు తెస్తుంది. బూడిదను మెత్తగా నూరాలన్న నా పట్టుదలకు ఇది ఇంకొక కారణం.

మే: మాలు, బిళ్ళలు

బరువు లెక్కన 1 పాలు సున్నం, 1 పాలు బూడిద, 3 పాళ్ళు ఇసుకతో మాలు కలిపాము. సున్నం ముందే నానబెట్టి వడగట్టినది. ఇసుక ఇక్కడ చర్యలో పాల్గొనదు, పాల్గొనకూడదు కూడా. మాలు కుంచించుకుపోకుండా ఎముకల గూడులా ఉండటమే దాని పని. మొదటి కలపడంలోనే బూడిద నీళ్ళను విపరీతంగా తాగింది. రంధ్రాలు నిండేదాకా మాలు తాపీకి రాలేదు, అంత నీటితో చేసిన బిళ్ళలు ఎండేటప్పుడు వెంట్రుక మందాన బీటలిచ్చాయి. చర్యను వేగవంతం చేసే రంధ్రాలే ఇక్కడ ఇబ్బంది అయ్యాయి. బూడిదను గులకరాళ్ళతో పాటు డ్రమ్ములో వేసి ఎక్కువ సేపు తిప్పి నూరితే రంధ్రాల గోడలు కూలి, నీటి అవసరం తగ్గింది, అస్ఫటిక గుణం మాత్రం పోలేదు. ఆ తరువాతి బిళ్ళలకు బీటలు రాలేదు.

తడి గోనె కింద 28 రోజులు ఉంచి, బిళ్ళలను నీటి తొట్టెలో వేశాము. ఉత్త సున్నం, ఇసుకల బిళ్ళ అంచుల నుంచి జారుతూ మర్నాటికి మెత్తని ముద్దయింది. బట్టీ బూడిద బిళ్ళ పైకి నిలిచినట్టే ఉన్నా, చేతిలోకి తీసుకుంటే రెండుగా విరిగింది. మా బూడిద బిళ్ళ నీటి నుంచి తీసి గచ్చు మీద కొడితే గట్టి చప్పుడు చేసింది. మేస్త్రి గారు దాన్ని విరిచి, లోపలి రంగు అంచుదాకా ఒకేలా ఉందా అని చూశారు, ఉంది. సున్నం, సిలికా కలిసి కాల్షియం సిలికేట్ హైడ్రేట్‌గా మారడం గాలి తగిలే పైపొరలోనే కాక లోపలంతా జరిగిందన్నమాట. సిమెంటుకు బలాన్నిచ్చే పదార్థం కూడా ఇదే. కాంక్రీటుకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 456:2000 కాంక్రీటులో ఊక బూడిద వాడకాన్ని అనుమతిస్తూనే, గుణం నిలకడగా ఉండాలని షరతు పెడుతుంది. ఒకే గోనెలో రెండు మూడు రకాల బూడిద చూశాక ఆ షరతు ఎంత అవసరమో తెలిసింది.

జూన్ మొదట్లో

పడమటి గోడ కింది భాగంలో ఊడుతున్న సిమెంటు పూతను తీసేసి, పాత సున్నాన్ని తడిపి, నిమ్మ ఉప్పుతో కడగని బూడిదతోనే చేసిన మాలును రెండు పొరలుగా వేశాము. కడిగిన బూడిద మేలైనదే అయినా, గోడకు కావలసినంత ఊకను కడగడానికి పట్టే నీరు, ఆ నీటిని పారబోసే చోటు చూస్తే ఆ మేలుకు అంత ఖర్చు తగదని నా నిర్ణయం. గోడ మీద తడి గోనెలు వేలాడదీసి ఉంచాము, వర్షాలు మొదలయ్యాక తీసేస్తాము.

ఇక మీదట చేయవలసిన పనులు రెండు. డ్రమ్ములో అంచు దగ్గర కాలిన బూడిదను, నడుమ కాలిన బూడిదను వేరువేరుగా తీసి, సున్నపు తేట పరీక్షలో వాటి తేడా చూడాలి. ఆ తేడా పెద్దదైతే జాలీ గొట్టాన్ని వెడల్పు చేయించాలి. రెండోది, సార్వా ఊకతో చేసిన ఈ పరీక్షలన్నింటినీ దాళ్వా ఊకతో మళ్ళీ చేయాలి. మిల్లు నుంచి దాళ్వా ఊక గోనెలు వచ్చాయి, ప్రస్తుతం ఎండుతున్నాయి.